మోకాటి కీలు మార్పిడి తరువాత: కోతను మూయు పద్ధతులు, గ్రామములో గాయపు సంరక్షణ

అరిగిపోయిన మోకాటి కీలును తొలగించి కృత్రిమ కీలును అమర్చు శస్త్రచికిత్స నేడు మన పల్లెలకు వింత కాదు. 2017 ఆగష్టులో భారత ప్రభుత్వము కృత్రిమ మోకాటి కీళ్ళ ధరలకు గరిష్ఠ పరిమితి విధించినది. ఎక్కువగా వాడబడు కోబాల్ట్ క్రోమియము కీలుకు నాడు నిర్ణయించిన ధర, పన్ను గాక, 54,720 రూపాయలు. ఇట్టి కారణములచేత ఒకప్పుడు సంపన్నుల చికిత్సగా నుండినది సామాన్య రైతు కుటుంబముల ఆలోచనలోనికి కూడ వచ్చినది. రోగి ఆసుపత్రిలో ఉండునది కొద్ది దినములు మాత్రమే. కోత మానుటకు పట్టు వారములలో అధికభాగము గడచునది ఇంటివద్ద, ఊరిలోనే.

ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక గ్రామమున అరువది యేండ్లు దాటిన ఒక రైతు గృహిణి ఈ చికిత్స పొంది తిరిగివచ్చినది. ఆమె మోకాటిపై లోహపు పిన్నులు ముప్పదికి పైగా వరుసగా బిగింపబడియున్నవి. పదునాల్గవ దినమున వానిని తీయించుకొనవలెనని ఆసుపత్రివారు చెప్పి పంపిరి. అవి ఎక్కడ, ఎవరు, దేనితో తీయుదురన్నది ఇంటివారు అడుగలేదు, ఆసుపత్రివారును చెప్పలేదు. గడువు వచ్చుసరికి పట్టణమునకు పోవుట కష్టమైనది. ఇంటివారు ఒక చిన్న పట్టకారును నీళ్ళలో మరిగించి సిద్ధపరచుకొనుచుండగా వార్డు సభ్యురాలొకరు వచ్చి వారించిరి. ఆమెయే ఆటో మాట్లాడి, రోగిని పట్టణమునకు పంపి పిన్నులను తీయించిరి. ఆ సభ్యురాలు వైద్యము చదివినవారు కారు. పిన్నును తీయుటకు వేరొక పరికరము కలదని మాత్రము ఎరుగుదురు. అంతపాటి ఎరుక ప్రతి పంచాయతీ సభ్యునకు ఉండదగినదని తోచి ఈ వ్యాసము వ్రాయబడినది.

మోకాటిపై కోత ఏల క్లిష్టము?

మోకాటి ముందుభాగమున కోత నిలువుగా, జానెడు కంటె కొంచెము తక్కువ పొడవున ఉండును. అక్కడి చర్మము పలుచన. దాని క్రింద తొడకున్నంత కండ గాని కొవ్వు గాని లేదు. కాలు చాచినప్పుడు వదులుగా నుండు చర్మము, మడచినప్పుడు బిగిసి సాగును. సాధారణముగా గాయము మానువరకు ఆ భాగమును కదలింపకుండుట మంచిదందురు. మోకాటి కీలు విషయమున అది పనికిరాదు. శస్త్రచికిత్స జరిగిన నాడో మరునాడో రోగిని లేపి నడిపింతురు, మోకాలు మడపింతురు. అట్లు చేయనిచో కీలు బిగుసుకొనిపోవును. కావున ఈ కోతకు వేసిన మూత ఒకవంక గట్టిగా పట్టియుండవలెను, వేరొకవంక దినమునకు పలుమార్లు సాగుటకు ఓర్చుకొనవలెను.

లోపల లోహము, ప్లాస్టిక్కు ఉన్నవి. సాధారణ గాయమున సూక్ష్మక్రిములు చేరినచో శరీరపు రక్తకణములు వానిని ఎదిరించును, మందులు తోడ్పడును. కృత్రిమ కీలు ఉపరితలమున క్రిములు ఒకసారి పాతుకొనినచో అవి తమ చుట్టు ఒక పొరను కట్టుకొనును. దానిని ఛేదించుట మందులకు కష్టము. అట్టి స్థితిలో కీలును మరల తెరచి కడుగవలసి వచ్చును, ఒక్కొక్కప్పుడు తొలగించి కొన్ని వారముల తరువాత కొత్తది అమర్చవలసి వచ్చును. ఇట్టి లోతైన చీము నూటికి ఒకరిద్దరికి మాత్రమే పట్టును. కాని పట్టినవారి కుటుంబమునకు అది మొదటి చికిత్సకంటె పెద్ద భారము. పైచర్మము చక్కగా మూసికొనుట ఇంత ముఖ్యమగుటకు కారణమిదియే.

మూయుట ఒక్క పొరలో జరుగదు. మొదట కీలును చుట్టియుండు గట్టి పొరను బలమైన దారముతో కుట్టుదురు. నిజమైన తలుపు అదియే. తరువాత చర్మము క్రిందనున్న మెత్తని పొర. అటుపిమ్మట చర్మము. దారమా, పిన్నా, జిగురా అను ప్రశ్న ముఖ్యముగా ఈ చివరి పొరకు సంబంధించినది. పైచర్మమునకు జిగురు పూసినంత మాత్రమున కాలు జిగురుమీద నిలిచియున్నదని భయపడవలదు.

దారము

కుట్టు మన దేశమునకు అతి ప్రాచీనమైన విద్య. సుశ్రుతసంహిత సూత్రస్థానమున వేల్లితకము, గోఫణికము, తున్నసేవని, ఋజుగ్రంథి అను నాలుగు విధములైన కుట్లు చెప్పబడినవి. నార, నరము, వెంట్రుక మొదలగునవి దారములుగా పేర్కొనబడినవి. నేటి దారములు రెండు జాతులు. నైలాను వంటివి శరీరములో కరగవు. చర్మముపై వేసినచో పది మొదలు పదునాలుగు దినములలో తీయవలెను. రెండవ జాతివి తమంతట కరుగును. పూర్వము గొఱ్ఱెల పేగులనుండి తీసిన దారము ఈ పనికి వాడబడెడిది. నేడు రసాయనశాలలో తయారగు దారములు కలవు. వీనిలో కొన్ని రెండు నెలలకు, కొన్ని మూడు నాలుగు నెలలకు పూర్తిగా కరిగిపోవును.

కరగు దారముతో చర్మము లోపలినుండి, బయటికి కనబడకుండ, పొడవునా ఒకే కుట్టుగా కుట్టుట నేడు ప్రచారములో నున్నది. దర్జీ అంచు మడచి లోపలినుండి కుట్టిన చందమున ఉండును. బయట తీయవలసినది ఏమియు లేదు, మచ్చయు సన్నని గీత. దీనికి పట్టు కాలము మాత్రము ఎక్కువ. వైద్యుని చేయి నిదానముగా, నేర్పుగా ఆడవలెను. ఒక్కొక్కప్పుడు కొన్ని వారముల తరువాత లోపలి దారపు కొన చర్మము పైకి పొడుచుకొని వచ్చి, చిన్న పొక్కు ఏర్పడును. ఇంటివారు దానిని పట్టి లాగరాదు. వైద్యుడు చూచి కత్తిరించును.

ఇటీవల ముండ్ల దారమను మరియొకటి వచ్చినది. చెఱకు ఆకు అంచుమీద ఒకవైపునకు వ్రేలు నడపిన నున్నగా జారును, ఎదురు నడపిన కోయును గదా. ఈ దారము అట్టిది: కుట్టు దిశలో జారును, వెనుకకు రాదు. ముడులతో పని లేదు. కాలము కలిసివచ్చుటచే లోపలి పొరలకు దీనిని చాలమంది వైద్యులు వాడుచున్నారు. చర్మపు పొరలో వాడినప్పుడు గాయపు చిక్కులు కొంత హెచ్చినట్లు కొన్ని పరిశీలనలలో కనబడినది. కావున అక్కడ జాగ్రత్త వహించువారు కలరు.

పిన్నులు

శరీరమును పిన్నులతో బిగించు యంత్రమును 1908లో బుడాపెస్టునందు హుల్టల్ అను శస్త్రవైద్యుడు కడుపు శస్త్రచికిత్సలకై వాడుకలోనికి తెచ్చెను. అది బరువైన ఇనుప సాధనము. నేడు చర్మమునకు వాడునది అరచేతిలో ఇమిడిపోవును. సుశ్రుతుడు తెగిన పేగు అంచులను పెద్ద నల్లచీమలచేత కరపించి, తలలు మాత్రము మిగులునట్లు చేయవలెనని చెప్పినాడు. నేటి పిన్ను చూచిన ఆ చీమ తల జ్ఞాపకము వచ్చును. ఆయన చెప్పినది పేగులకే గాని చర్మమునకు కాదని మరువరాదు!

పిన్నులకున్న గొప్ప గుణము వేగము. మోకాటి కోతను రెండు మూడు నిమిషములలో మూయవచ్చును; లోపలి కుట్టునకు దానికి కొన్ని రెట్ల కాలము పట్టును. పిన్నులు గట్టిగా పట్టును, కాలు మడచినను వెంటనే ఊడవు. లోపమేమనగా, ప్రతి పిన్నుకు చర్మమున రెండు రంధ్రములు, తీయునప్పుడు నొప్పి, మచ్చ జెఱ్ఱి కాళ్ళవలె కనబడుట. తీయవలసిన అవసరము తప్పదు. తీయు పరికరము పిన్ను నడిమిభాగమును క్రిందికి నొక్కి వంచును. అంతట రెండు కొనలు చర్మమునుండి నేరుగా పైకి లేచివచ్చును. పట్టకారుతో ఒకవైపు లాగినచో కొన చర్మమును చీల్చుకొని వచ్చును. పైన చెప్పిన గృహిణికి తప్పిన ప్రమాదమిదియే. తెలిసినవారు మొదట ఒకటి విడిచి ఒకటి తీసి, కోత విచ్చుకొనుట లేదని చూచి, తక్కినవి తీయుదురు.

జిగురు

1942లో అమెరికా దేశమున ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థకు చెందిన హారీ కూవర్ తుపాకుల గురిఅద్దములకు పారదర్శకమైన ప్లాస్టిక్కును వెదకుచు, తాకిన ప్రతిదానికి అంటుకొను ఒక రసాయనమును కనుగొనెను. అప్పుడది పనికిరానిదని ప్రక్కన పెట్టబడెను. అదే కుటుంబములోని జిగురును వియత్నాం యుద్ధకాలమున గాయపడిన సైనికుల రక్తస్రావము నాపుటకు చిమ్మి వాడిరి. చర్మమునకు హాని తగ్గునట్లు మార్పు చేసిన రకమునకు 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చెను. బజారులో దొరకు జిగురు ఆ జాతిదే యైనను చర్మమునకు తగదు. వేడి పుట్టించి, కణములను బాధించును. పిల్లల గాయములకు సైతము దానిని పూయువారు కలరని విని ఈ మాట వ్రాయవలసి వచ్చినది.

ఆసుపత్రి జిగురును, లోపలి పొరలు కుట్టిన పిమ్మట, చర్మపు అంచులను దగ్గరకు చేర్చి పైన పూయుదురు. ఒక్కొక్కచో సన్నని వలవంటి పట్టీని అంటించి దానిమీద జిగురు పోయుదురు. తీయుటకు సూది లేదు, పరికరము లేదు. ఉత్త జిగురు వారము పది దినములలో పొరలుగా రాలును. పట్టీ రెండు మూడు వారములుండును. నీరు తగిలినను వెంటనే చెడదు; అయినను చెరువులో, కాలువలో కాలు ముంచుట కూడదు. దీనికి విరోధి నూనె. కొబ్బరినూనె, మలాము, పసుపు నూనె ఏది రాచినను జిగురు మెత్తబడి ఊడును. కొందరికి జిగురు పడదు. కొన్ని దినములకు దురద, ఎరుపు, నీటిపొక్కులు కనబడును. అది చీము కాకపోవచ్చును. ఐనను వైద్యునికి చూపవలసినదే. ధరయు పిన్నుకంటె, దారముకంటె సాధారణముగా ఎక్కువ.

ఏది మేలు?

2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన ప్రకటింపబడినది. అంతకు పూర్వము ఎముకల శస్త్రచికిత్సలో పిన్నులను, దారమును పోల్చిన ఆరు పరిశోధనలలోని 683 గాయములను అందు కలిపి చూచిరి. పిన్నులు వేసినచోట పైపై చీము దారము కంటె మూడింతలకు మించి కనబడెను. ఆ భేదము ముఖ్యముగా తుంటి శస్త్రచికిత్సలలోనిది. ఆ పరిశోధనలలో లోపములు కలవని గ్రంథకర్తలే చెప్పుకొనిరి. తరువాత మోకాటికే పరిమితమై జరిగిన పరీక్షలు ఒకే మాట చెప్పలేదు: కొన్నిట దారము మేలు, కొన్నిట భేదమే లేదు.

2016లో అమెరికాలో జరిగిన మరియొక చిన్న పరీక్షలో మోకాటి చర్మపు అంచులలో రక్తప్రసారమును రంగుమందుతో పరీక్షించిరి. చర్మములోపలి నిడుపు కుట్టు వేసినవారిలో రక్తము బాగుగా పారుచున్నట్లు కనబడినది. ఈ పరిశోధనకు లభించిన బహుమానము మన దేశమున పుట్టి, న్యూయార్కులో మోకాటి కీళ్ళ శస్త్రచికిత్సకు పేరు తెచ్చిన వైద్యుడు చిత్తరంజన్ రణావత్ పేరిట నెలకొల్పబడినది. రక్తము బాగుగా పారిన గాయము త్వరగా మానవలెనని ఊహించుట సహజమే. కాని ఊహ వేరు, చీము తగ్గినదని చూపుట వేరు.

కావున ఫలానా పద్ధతియే కావలెనని రోగి వైద్యునితో వాదించుటకు తగిన ఆధారము లేదు. వైద్యునికి చేయి అలవాటైన పద్ధతికి విలువ కలదు. పరిశోధనలు లెక్కలోనికి తీసికొనని విషయ మొకటి మాత్రము మనకు ముఖ్యము. రోగి ఇంటినుండి ఆసుపత్రి ఎంత దూరము? తోడు వచ్చువారు ఎవరు? ముప్పది కిలోమీటర్ల దూరమున ఒంటరిగా నివసించు వృద్ధురాలికి, మరల తీయవలసిన పనిలేని కుట్టు ఎంతో మేలు. ఈ మాటను శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి చెప్పవలెను. ఆయన అంగీకరింపవచ్చును, ఏల కాదో చెప్పవచ్చును. ఇంటికి బయలుదేరునాడు మాత్రము ఏమి వేసినారు, తీయవలెనా, ఏ తేదీన, ఎక్కడ, స్నానమెప్పుడు అను సంగతులు కాగితముమీద వ్రాయించుకొని రావలెను. కట్టు క్రింద ఏమున్నదో రోగికి తెలియదు; ఊరిలోని ఆశా కార్యకర్తకు అసలే తెలియదు.

ఊరిలో జరుగు పొరపాట్లు

కోత మీద పసుపు, సున్నము, బూడిద, ఆకుపసరు వేయు అలవాటు తగ్గినది గాని పోలేదు. మాత్రగొట్టమును విప్పి అందలి పొడిని గాయముపై చల్లుట కొత్తగా వచ్చిన ఆచారము. ఆ పొడి మ్రింగుటకు చేసినది. గాయముపై అది అట్టగట్టి క్రింద రసి నిలుచునట్లు చేయును.

వీనికంటె ఎక్కువ నష్టము చేయునది పథ్యము. పప్పు తిన్నచో చీము పట్టునని, గ్రుడ్డు వేడి చేయునని, పెరుగు పడదని చెప్పి ఆపరేషను అయినవారికి నెలల తరబడి కారపుపొడి అన్నము, చారు పెట్టు ఇండ్లు కలవు. చీమునకు కారణము క్రిములు, కందిపప్పు కాదు. తెగిన చర్మము మరల అతుకుటకు శరీరము మాంసకృత్తులనే వాడుకొనును. అవి పప్పులలో, పాలలో, పెరుగులో, గ్రుడ్డులో, చేపలో, మాంసములో ఉన్నవి. దారము ఎంత ఖరీదైనదైనను, అది రెండు అంచులను దగ్గర పట్టియుంచును గాని అతుకదు. అతుకు పని శరీరముది. మూడు వారములకు మానిన కోతకు సహజమైన చర్మపు బలములో ఐదవ వంతు మాత్రమే వచ్చును. మూడు నెలలకు ఐదింట నాలుగు వంతులు. ఈ కాలములో తిండి తగ్గించుట, ఇల్లు కట్టుచున్న మేస్త్రీకి సిమెంటు ఆపివేయుట వంటిది. మూత్రపిండముల జబ్బు వంటివి ఉన్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన ఆహారమునే పాటింపవలెను. చక్కెర వ్యాధి ఉన్నవారు రక్తములో చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. చుట్ట, బీడీ చర్మపు సన్నని రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. కోత మానువరకైనను మానుట అవసరము.

మూడవది భయము. కుట్లు తెగునని తలచి మోకాటి క్రింద దిండు పెట్టి, కాలు కదపనీయక పడుకొనబెట్టుదురు. ప్రేమచేత చేయు ఈ పని కీలును బిగదీయును. వైద్యుడు చెప్పిన వ్యాయామము కోతను చెరుపదు. లోపలి గట్టి కుట్టు అందుకే వేయబడినది. దిండు పెట్టవలసి వచ్చినచో మడమ క్రింద పెట్టవలెను.

ఎప్పుడు పరుగెత్తవలెను?

మోకాలు కొన్ని వారముల వరకు వెచ్చగా, కొంచెము ఉబ్బి యుండుట సహజము. కోతకు వెలుపలి వైపున తిమ్మిరిగా నుండు చోటు కూడ చాలమందికి ఏర్పడును. చర్మమునకు పోవు సన్నని నరము కోతలో తెగుట దానికి కారణము. వీనికి కంగారు వలదు. కాని ఇంటికి వచ్చిన తరువాత కోతనుండి రసి ఆగక కారుచున్నను, ఆరిన కోత మరల తడిసినను, ఎరుపు నానాటికి వ్యాపించినను, అంచులు విచ్చినను, చలితో జ్వరము వచ్చినను, తగ్గుచున్న నొప్పి హఠాత్తుగా హెచ్చినను శస్త్రచికిత్స చేసిన వైద్యునికి ఆ దినమే తెలుపవలెను. పిక్క వాచి నొప్పి పుట్టుట కోతకు సంబంధించినది కాదు. అది రక్తము గడ్డకట్టుటకు గుర్తు కావచ్చును. అదియు ఆలస్యము సహింపదు. రోగికి ఊపిరాడక పోవుచున్నచో 108కు ఫోను చేయవలెను.

ఇట్టి సమయమున ఊరిలోని ప్రైవేటు వైద్యుడు నాలుగు దినములు సూదిమందు వేసి చూచెదననుట వాడుక. ఆయన ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని క్రిమిని గుర్తింపకముందే వేసిన మందు పైలక్షణములను అణచి, లోపలి జబ్బును దాచును. పరీక్షలో క్రిమి దొరకకుండ పోవును. మొదటి వారములలోనే తెరచి కడిగినచో కీలును నిలుపుకొను అవకాశము కలదు. నెలలు గడచినచో ఆ అవకాశము సన్నగిల్లును.

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘములో పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. తరువాతి సమావేశమున ఈ ఒక్క విషయము విచారించిన మేలు: మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పిన్నులు తీయు పరికరము ఉన్నదా? శుభ్రపరచి సిద్ధముగా నున్నదా? ఏ దినములలో, ఏ వేళ తీయుదురు? అది చిన్న సాధనము, ఖరీదు స్వల్పము. లేనిచో వైద్యాధికారిని కోరి తెప్పించుకొనవచ్చును. గ్రామములో కీలు మార్పించుకొని వచ్చినవారి పేర్లు ఆశా కార్యకర్తవద్ద ఉన్నచో, వారి పదునాల్గవ దినము ఆదివారమో పండుగనాడో పడినదేమో ముందుగా చూచి, ఒక దినము అటో ఇటో వైద్యుని అడిగి ఏర్పాటు చేయవచ్చును.